మేజరు, కళాశాల, ధ్రువపత్రం: ఇంటర్ దాటిన పిల్లల ఇళ్ళలో జరగవలసిన ఆలోచన

(విశాఖపట్నం ఆటోనగర్‌లో ఇంటర్మీడియట్ పూర్తిచేసిన విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





ఆదివారం పూట కూడా ఇంజన్ విప్పి పెట్టుకున్న సోదరులు, లేత్ మిషన్ ఆపి వచ్చినవారు, టింకరింగ్ పని సగంలో వదిలి చేతులు కడుక్కుని వచ్చినవారు ఇక్కడ ఉన్నారు. మీ సమయం విలువ మాకు తెలుసు. అందువల్ల ఉపన్యాసధోరణిలో గాక, మీ ఇంట్లో ఈ వారం రోజులుగా నడుస్తున్న మాటనే ముందు పెట్టుకుని మాట్లాడతాము. అమ్మాయిని ఏ డిగ్రీలో చేర్చాలి? అబ్బాయికి ఇంజనీరింగ్ సీటు ఏ కాలేజీలో తీసుకోవాలి? డబ్బు ఎక్కడినుంచి తేవాలి? ఈ మూడు ప్రశ్నలే నేటి విషయం.

మేము రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేశాము. మా ఉద్యోగజీవితంలో అధికభాగం కుల ధ్రువపత్రాల, ఆదాయ ధ్రువపత్రాల బల్ల దగ్గరే గడిచింది. ప్రతి జూన్, జూలై మాసాలలో మనవాళ్ళు కాగితాలు పట్టుకుని, చెమటలు కక్కుతూ, ఆఖరి రోజున మా ముందు నిలబడటం మేము ఏళ్ళ తరబడి చూశాము. ఆ కాలంలో మాకు అర్థమైన సంగతి ఒకటి ఉన్నది. మన పిల్లలు మార్కులు తక్కువై పోగొట్టుకున్న సీట్లు కొన్ని. సమయానికి సరైన కాగితం లేక, సరైన సలహా లేక పోగొట్టుకున్నవి అంతకంటే తక్కువేమీ కావు.

ముందుగా మా తప్పు ఒకటి చెప్పుకుంటాము. ఇతరులకు సలహా ఇచ్చేవాడు తన ఇంటి సంగతి దాచకూడదు.

మా పెద్దబ్బాయికి చిన్ననాటి నుంచి లెక్కల పుస్తకం కంటే పద్దుపుస్తకం ఇష్టం. పేటలో కిరాణా దుకాణంలో కూర్చుని జమాఖర్చులు రాసేవాడు. ఇంటర్ పూర్తికాగానే బి.కాం. చదువుతానన్నాడు. గుమాస్తా కొడుకు ఇంజనీరు కావాలని మా కోరిక. ఆఫీసులో తోటి ఉద్యోగుల పిల్లలందరూ ఇంజనీరింగ్ వైపు వెళుతున్నారు. వాడికి కన్వీనర్ కోటాలో సీటు రాలేదు. మేము భవిష్యనిధి నుంచి అప్పు తీసి, మీ అత్తమ్మ గాజులు కుదువపెట్టి, ఒక ప్రైవేటు కళాశాలలో యాజమాన్య కోటా సీటు కొన్నాము. ఆ కళాశాల పేరు ఇక్కడ అప్రస్తుతం. దాని ప్రయోగశాల ఎలా ఉంటుందో మేము చూడలేదు. ఆ విభాగంలో ఎందరు అధ్యాపకులున్నారో అడగలేదు. రంగుల కరపత్రం చూశాము, బస్సు మన వీధికి వస్తుందని విన్నాము, అంతే. నాలుగేళ్ళ చదువు ఆరేళ్ళు పట్టింది. చివరికి కొన్ని పేపర్లు మిగిలే ఉన్నాయి. నేడు వాడు ఒక స్పేర్‌పార్టుల వ్యాపారి దగ్గర లెక్కలు చూస్తున్నాడు, చక్కగా చూస్తున్నాడు. ఒక రోజు భోజనాల వేళ వాడు మెల్లగా అన్న మాట మేము మరువలేము: "అబ్బా, చేయాలనుకున్న పనే చేస్తున్నాను. కాకపోతే పదేళ్ళు ఆలస్యమైంది." వాడు కోపంతో అనలేదు. కోపంతో అని ఉంటే మాకు ఇంత బాధ ఉండేది కాదు.

ఇటువంటి ఇళ్ళు మన పేటలో మాదొక్కటే కాదు. అందుకే పదవీ విరమణ తరువాత మేము నలుగురైదుగురు విశ్రాంత ఉద్యోగులం కలిసి, ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచి పిల్లలతో కూర్చోవడం మొదలుపెట్టాము.

ఒక్కసారి మన స్థితిని అంకెలలో చూద్దాము. 2005లో నియమితమైన జస్టిస్ రాజేందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో నివేదిక ఇచ్చింది. దేశంలోని ప్రముఖ కళాశాలల్లో డిగ్రీ విద్యార్థులు 25 మందిలో ఒక్కరు, పి.జి. విద్యార్థులు 50 మందిలో ఒక్కరు మాత్రమే ముస్లింలని ఆ నివేదిక తేల్చింది. తరువాత పరిస్థితి కొంత మెరుగుపడుతూ వచ్చింది. అయితే కేంద్ర విద్యాశాఖ ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2019-20లో సుమారు 21 లక్షలున్న ముస్లిం విద్యార్థుల సంఖ్య 2020-21లో సుమారు 19 లక్షల 20 వేలకు పడిపోయింది. జనాభాలో మన వాటా 2011 లెక్కల ప్రకారం 14.2 శాతం. ఉన్నత విద్యలో ఆ సంవత్సరం మన వాటా 5 శాతం కూడా లేదు. కరోనా కాలంలో ఎన్ని ఇళ్ళలో పిల్లవాడు పుస్తకం పక్కనపెట్టి స్పానర్ పట్టుకున్నాడో ఈ ఆటోనగర్‌కు వేరే చెప్పనవసరం లేదు.

స్పానర్ పట్టడం అవమానం కాదు. ఈ పేట ఆ పని మీదనే నిలబడింది. కానీ పట్టాలా వద్దా అన్నది పిల్లవాడు తెలిసి నిర్ణయించుకోవాలి గాని, దారి మూసుకుపోయి పట్టకూడదు. మా వాదన అంతవరకే.

ఇక అసలు విషయం. మొదటిది, ఏ చదువు?

మన ఊరు ఒకే ద్వారం ముందు నిలబడి నేర్చుకున్న పాఠం ఒకటి ఉన్నది. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని రాష్ట్రమంతా లేచింది, 32 మంది ప్రాణాలు పోయాయి. 1971లో శంకుస్థాపన జరిగింది. 1992లో కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. గాజువాక చుట్టుపక్కల ఒక తరమంతా ఫిట్టర్, వెల్డర్, మెకానికల్ డిప్లొమా అంటూ ఆ ద్వారాన్ని దృష్టిలో పెట్టుకునే చదివింది. 2021 జనవరిలో ఆ కర్మాగారంలో నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్ర మంత్రివర్గ సంఘం నిర్ణయం తీసుకున్నది. కార్మికులు ఏళ్ళ తరబడి శిబిరాలలో కూర్చున్నారు. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ వచ్చింది. రేపు ఏమవుతుందో ఆ కార్మికుడే నిశ్చయంగా చెప్పలేడు. ఒక్క కర్మాగారాన్ని నమ్ముకుని చదువు ఎంచుకున్నవారికి ఎదురైన చిక్కే, నేడు ఒక్క కంప్యూటర్ సైన్సును నమ్ముకుని పరుగెత్తుతున్నవారికి రేపు ఎదురు కావచ్చు. కంప్యూటర్ చదవవద్దని మేము అనడం లేదు. ఇష్టమున్న పిల్లవాడు తప్పక చదవాలి. పక్కింటి పిల్లవాడు చేరాడు కనుక మనవాడూ చేరాలన్నదే మేము వద్దంటున్నది.

పిల్లలతో కూర్చున్నప్పుడు మేము మూడు ప్రశ్నలు అడుగుతాము. ఒకటి, ఏ పాఠ్యాంశం పుస్తకాన్ని ఎవరూ చెప్పకుండా నీ అంతట నువ్వు తెరుస్తావు? రెండు, ఈ చదువు తరువాత నీకు తెలిసిన రెండు పనులు చెప్పు, ఒకటి దొరకకపోతే రెండవదానికి వెళ్ళగలవా? మూడు, ఈ చదువు పూర్తయ్యేవరకు మీ ఇల్లు ఖర్చు భరించగలదా? మొదటి ప్రశ్నకు జవాబు పిల్లలు చెప్పాలి. రెండవదానికి మనం కలిసి వెతకాలి. మూడవదానికి తల్లిదండ్రులు నిజం చెప్పాలి. చాలా ఇళ్ళలో మూడవ ప్రశ్నను పిల్లల ముందు మాట్లాడరు. వారు రెండవ సంవత్సరంలో ఫీజు కట్టవలసిన రోజున ఆ నిజాన్ని హఠాత్తుగా తెలుసుకుంటారు. అప్పుడు ఆ భారమంతా వారి చదువు మీద పడుతుంది.

ఇంజనీరింగ్ అనుకునేవారు మన ఊరి ప్రత్యేకతను గమనించండి. 1933 నుంచి నడుస్తున్న ఓడరేవు ఉన్నది. 1941లో పుట్టిన నౌకానిర్మాణ కేంద్రం ఉన్నది. స్వతంత్ర భారతంలో మొదటి ఓడ 'జల ఉష' 1948లో ఇక్కడే నీటిలోకి దిగింది. అటువంటి ఊరిలో ఉండి, ఓడను రూపకల్పన చేసే చదువు ఒకటుందని మన పిల్లలకు తెలియదు. భారతీయ సముద్ర విశ్వవిద్యాలయం విశాఖ ప్రాంగణంలో నౌకా నిర్మాణ, సముద్ర ఇంజనీరింగ్‌లో బి.టెక్. ఉన్నది. దానికి ప్రత్యేక ప్రవేశపరీక్ష ఉంటుంది. ఓడ మీద పనిచేసే కోర్సులకు కంటిచూపు, రంగుల గుర్తింపు వంటి వైద్య నియమాలుంటాయి, అవి ముందే చూసుకోవాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లోహశాస్త్ర ఇంజనీరింగ్ ఉన్నది, మెరైన్ ఇంజనీరింగ్ ఉన్నది. పెట్రోలియం, ఇంధన రంగానికి ప్రత్యేకంగా ఒక జాతీయ సంస్థ 2016లో మన ఊరిలోనే ఆరంభమైంది. అక్కడికి వెళ్ళాలంటే జె.ఇ.ఇ. దారి. ఇవి అందరికీ దొరుకుతాయని కాదు. పేరే విననివాడు దరఖాస్తు చేయడు కదా.

ఇంటర్ దాకా ఆగని దారి కూడా ఉన్నది. పదవ తరగతి తరువాత పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసినవారు, ఈసెట్ ద్వారా బి.టెక్. రెండవ సంవత్సరంలోకి నేరుగా వెళ్ళవచ్చు. మెకానిక్ ఇంట్లో పుట్టి, చిన్నప్పటినుంచి గేర్‌బాక్సు విప్పడం చూసిన పిల్లవాడికి ఇది సహజమైన దారి. మధ్యలో ఇల్లు గడవకపోతే డిప్లొమాతో ఆగి ఉద్యోగం చూసుకోవచ్చు. ఇక్కడ చిన్న పిల్లలున్న తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకోండి.

బై.పి.సి. చదివిన పిల్లలకు ఎం.బి.బి.ఎస్. రాకపోతే లోకం ముగిసినట్లు ఇంట్లో శోకాలు పెడతారు. పరవాడలో ఫార్మా సిటీ ఉన్నది. ఉక్కు కర్మాగారానికి సమీపంలో 2018లో వైద్య పరికరాల తయారీకి మెడ్‌టెక్ జోన్ వచ్చింది. ఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ, సూక్ష్మజీవశాస్త్రం, జీవరసాయనశాస్త్రం, ఇవన్నీ గౌరవంగా బ్రతకగల చదువులే. ఒకటి రెండు సంవత్సరాలు నీట్ కోసం ఆగాలనుకునేవారు, ఎన్ని ప్రయత్నాల తరువాత ఆపుతారో మొదటి రోజే నిర్ణయించుకోండి.

సి.ఇ.సి., హెచ్.ఇ.సి. చదివిన పిల్లలను మనం రెండవ శ్రేణిగా చూస్తాము. ఇది పెద్ద పొరపాటు. బ్యాంకు పరీక్షలకు, రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ గ్రూపు పరీక్షలలో చాలా పోస్టులకు ఏ డిగ్రీ అయినా చాలు. మేము కూడా బి.ఏ. తోనే ప్రభుత్వ కార్యాలయంలో అడుగుపెట్టాము. న్యాయశాస్త్రం ఉన్నది. ఇంటర్ తరువాత నేరుగా ఐదేళ్ళ కోర్సు చేయవచ్చు. రాష్ట్రంలో లాసెట్ ఉన్నది, సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి క్లాట్ ఉన్నది. వక్ఫ్ భూమి గొడవ వచ్చినా, రేషన్ కార్డు తొలగించినా, మన హక్కు ఏమిటో చెప్పగలిగే వకీలు కోసం మనం ఊరంతా తిరుగుతాము. మన ఇంటి నుంచి ఒక వకీలును తయారుచేసుకోవాలని మాత్రం ఆలోచించము.

డిగ్రీలో చేరేవారికి మరొక ముఖ్యమైన మాట. మా కాలంలో బి.ఎస్సీ. అంటే మూడు పాఠ్యాంశాలు సమానంగా చదివేవారు. మన రాష్ట్రంలో 2023-24 విద్యాసంవత్సరం నుంచి ఒక పాఠ్యాంశాన్ని మేజరుగా ఎంచుకునే పద్ధతి, నాలుగేళ్ళ ఆనర్స్ డిగ్రీ వచ్చాయి. మూడేళ్ళకు డిగ్రీ తీసుకుని బయటకు రావచ్చు, నాలుగవ సంవత్సరం చదివితే ఆనర్స్. నియమాలు మారుతూ ఉంటాయి కనుక ఏ సంవత్సరపు ప్రకటన ఆ సంవత్సరం చదవాలి. దీనివలన మేజరు ఎంపిక బరువు పెరిగింది. మేజరును బట్టే రేపు ఏ పి.జి.కి అర్హత వస్తుంది, బి.ఎడ్.లో ఏ పాఠ్యాంశం బోధించవచ్చు, ఉపాధ్యాయ నియామకాలలో ఏ పోస్టుకు దరఖాస్తు చేయవచ్చు అన్నవి తేలతాయి. టీచర్ కావాలనుకునే అమ్మాయి, పాఠశాలలో బోధించని మేజరును ఎంచుకుని, మూడేళ్ళ తరువాత మా దగ్గరకు వచ్చి "చాచా, నాకు బి.ఎడ్.లో మెథడాలజీ కుదరదంటున్నారు" అంటే మేము చేయగలిగింది ఏమీ ఉండదు. దరఖాస్తు బటన్ నొక్కేముందు పది నిమిషాలు ఆగండి.

రెండవది, ఏ కళాశాల?

కళాశాలను రోడ్డు పక్క హోర్డింగు చూసి ఎంచుకోకండి. పెద్ద బొమ్మలు వేయగలిగినవాడు బాగా చెప్పగలడని నియమం లేదు. వెళ్ళి చూడండి. మేము మా కొడుకు విషయంలో చేయని పని అదే. పనిదినం నాడు వెళ్ళండి. మీరు అనుకుంటున్న విభాగంలో అధ్యాపకులు ఎందరున్నారో, వారిలో ఎందరు రెండేళ్ళకు పైబడి ఉన్నారో అడగండి. ప్రయోగశాల తలుపు తీయించి చూడండి. పరికరాల మీద దుమ్ము ఉన్నదా, పిల్లల చేతిముద్రలు ఉన్నాయా చూస్తే మన మెకానిక్ సోదరులకు ఎవరూ చెప్పనవసరం లేదు. షెడ్డులోకి అడుగుపెట్టగానే అక్కడ పని జరుగుతుందో లేదో మీకు తెలిసిపోతుంది కదా, ఇదీ అంతే. గేటు బయట టీ బడ్డీ దగ్గర చివరి సంవత్సరం పిల్లలను పలకరించండి.

కొన్ని పేర్లు మీకు వినిపిస్తాయి. న్యాక్ గ్రేడు సంస్థ మొత్తానికి ఇచ్చేది. ఎన్.బి.ఏ. గుర్తింపు ఒక్కొక్క కోర్సుకు వేరుగా ఇచ్చేది. కళాశాలకు న్యాక్ ఉన్నదంటే మీ అబ్బాయి చేరే కోర్సుకు ఎన్.బి.ఏ. ఉన్నట్లు కాదు. కళాశాల ఏ విశ్వవిద్యాలయానికి అనుబంధమో, ఆ కోర్సుకు ఈ సంవత్సరం అనుమతి ఉన్నదో లేదో కాగితం మీద చూపమనండి. "నూరు శాతం ఉద్యోగాలు" అని రాసినచోట, ఎంతమందికి, ఏ జీతానికి, ఏ కంపెనీలో అని అడగండి. జవాబు చెప్పేవారికి కోపం వస్తే అదే మీకు జవాబు.

మన పిల్లలు ప్రభుత్వ కళాశాలలను తక్కువగా చూస్తారు. మద్దిలపాలెంలో డాక్టర్ వి.ఎస్. కృష్ణా ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉన్నది. ఊరిలో ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల ఉన్నది. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్నది. పోటీపరీక్షలో నెగ్గిన అధ్యాపకులు, తక్కువ ఫీజు, గ్రంథాలయం, ఇవన్నీ మన పన్నుల సొమ్ముతో నడుస్తున్నవి, మన హక్కు. డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్‌లో ఒకే దరఖాస్తు మీద జరుగుతాయి. ఐచ్ఛికాలు పెట్టేటప్పుడు ఏజెంటు చేతికి పాస్‌వర్డ్ ఇవ్వకండి. మీకు తెలియకుండా ఏదో ఒక కళాశాలను మొదటి ఐచ్ఛికంగా పెట్టి, సీటు వచ్చిందని శుభవార్త చెప్పినవారు ఉన్నారు. ఈఏపీసెట్ కౌన్సెలింగుకూ ఇదే మాట.

ఊరు దాటగలిగినవారికి కేంద్రీయ విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. 2022 నుంచి వాటిలో డిగ్రీ ప్రవేశాలకు సి.యు.ఇ.టి. అనే ఉమ్మడి పరీక్ష వచ్చింది. అలీగఢ్, జామియా మిల్లియా పేర్లు మీకు తెలిసినవే. వాటిలో కొన్ని కోర్సులకు సొంత ప్రవేశపరీక్షలు ఉంటాయి. ఉర్దూ మాధ్యమంలో చదివిన పిల్లలకు హైదరాబాదులో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం, కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నాయి. అయితే ఈ దరఖాస్తుల గడువులు ఇంటర్ ఫలితాలకు ముందే ముగిసిపోతుంటాయి. ఫలితాలు వచ్చాక ఆలోచిద్దాములే అనుకున్న ఇంటికి ఆ తలుపు అప్పటికే మూసి ఉంటుంది.

డబ్బు సంగతి. మొదటి సంవత్సరం ఫీజు చూసి నిర్ణయించకండి. ఒక తెల్లకాగితం మీద అన్ని సంవత్సరాల ఫీజు, బస్సు, పరీక్ష ఫీజు, పుస్తకాలు, హాస్టల్ రాసి కూడండి. రాష్ట్రంలో 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నది. ప్రభుత్వాలు మారినప్పుడు దాని పేరు మారుతుంది, విధానం మారుతుంది. కుటుంబ ఆదాయ పరిమితి, హాజరు నిబంధన మాత్రం ఉంటూనే ఉంటాయి. యాజమాన్య కోటాలో కొన్న సీటుకు అది వర్తించదు. ఈ ఒక్క వాక్యం మాకు ఆనాడు ఎవరైనా చెప్పి ఉంటే గాజులు ఇంట్లో ఉండేవి. బ్యాంకు రుణం విషయంలో వడ్డీ గురించి ఎవరి మనస్సాక్షి వారిది, ఆలిములను అడగండి. కానీ వడ్డీకి భయపడి బ్యాంకు వద్దన్నవారు అంతకు మూడింతల వడ్డీకి ప్రైవేటు ఫైనాన్స్ దగ్గరకు వెళ్ళడం కూడా మేము చూశాము.

ఈ సందర్భంలో ఒక అన్యాయం చెప్పక తప్పదు. ముస్లిం తదితర మైనారిటీ పరిశోధక విద్యార్థులకు ఇచ్చే మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022లో కేంద్రం నిలిపివేసింది. 1 నుంచి 8 తరగతుల మైనారిటీ పిల్లల ప్రీ-మెట్రిక్ ఉపకారవేతనం కూడా ఆ సంవత్సరమే ఆగింది. నిచ్చెన కింది మెట్టునూ పై మెట్టునూ ఒకేసారి తీసినట్లయింది. వాటిని తిరిగి అడగడం మన బాధ్యత. అడుగుతూనే, ఉన్నవాటిని పూర్తిగా వాడుకోవడం కూడా మన బాధ్యత.

మూడవది, కాగితాలు. ఇక్కడ మా అనుభవం మీకు ఉపయోగపడాలి.

గత సంవత్సరం మన పేటలో లేత్ పని చేసే ఒక సోదరుని కుమార్తెకు ఒక కేంద్ర విద్యాసంస్థలో సీటు వచ్చింది. ఇంట్లో మిఠాయి పంచారు. ఆ అమ్మాయికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన బి.సి.-ఇ ధ్రువపత్రం ఉన్నది. దరఖాస్తులో ఓ.బి.సి. అన్న గడి కనబడితే, బి.సి. అన్నా ఓ.బి.సి. అన్నా ఒకటే కదా అని నెట్ సెంటర్ అబ్బాయి టిక్కు పెట్టాడు. ధ్రువపత్రాల పరిశీలన రోజున కేంద్ర జాబితా ప్రకారం ఓ.బి.సి. పత్రం అడిగారు. లేదు. సీటు పోయింది. ఆ తండ్రి మా ఇంటికి వచ్చి అరగంట ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాడు.

అందుచేత శ్రద్ధగా వినండి. మన రాష్ట్రంలో 2007 చట్టం ప్రకారం 14 ముస్లిం సముదాయాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉన్నది. షేక్, ఖురేషీ, ల బ్బీ, హజాం, అత్తరు సాయిబులు, ఫకీరు వంటివారు అందులో ఉన్నారు. దానిపై వివాదం సుప్రీంకోర్టుకు వెళ్ళగా 2010 మార్చి మధ్యంతర ఉత్తర్వుతో అది అమలులో కొనసాగుతున్నది. దూదేకుల, నూర్‌బాషా సోదరులు బి.సి.-బి, మెహతర్‌లు బి.సి.-ఏ. ఇదంతా రాష్ట్ర జాబితా. కేంద్ర ఓ.బి.సి. జాబితా వేరు. రాష్ట్రంలో బి.సి.-ఇ అయినంత మాత్రాన కేంద్రంలో ఓ.బి.సి. కారు. కేంద్ర జాబితాలో మీ సముదాయం పేరు ఉన్నదో లేదో చూసుకున్న తరువాతనే ఆ గడిలో టిక్కు పెట్టాలి. పేరు లేకపోతే, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండి, భూమి, ఇంటిస్థలం పరిమితులు దాటకపోతే, కేంద్ర సంస్థలలో ఆర్థికంగా వెనుకబడినవారి 10 శాతం కోటాకు, అంటే ఇ.డబ్ల్యు.ఎస్.కు, దరఖాస్తు చేయవచ్చు. బి.సి. జాబితాలో లేని సయ్యద్, పఠాన్, మొగల్ కుటుంబాలకు రాష్ట్రంలో కూడా అదే దారి. ఆ పత్రం ఆర్థిక సంవత్సరం వారీగా చెల్లుతుంది. నిరుటిది ఈ ఏడు పనికిరాదు. ఏప్రిల్ మాసం రాగానే సచివాలయానికి వెళ్ళి దరఖాస్తు చేయండి.

మరొక చిక్కు మన పేర్లది. పదవ తరగతి మార్కుల పత్రంలో ఇంటిపేరు 'షేక్' ముందు ఉంటుంది, ఆధార్‌లో వెనుక ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో 'ఎస్.కె.' అని ఉంటుంది. ఆంగ్లంలో ఒక్క షేక్‌నే మనవాళ్ళు నాలుగైదు విధాలుగా రాస్తారు. తండ్రి పేరు ఒకచోట మస్తాన్, ఇంకొకచోట మస్తాన్ వలీ. ఆఫీసులో మా బల్ల ముందు ఈ తేడాల వలన కన్నీళ్ళు పెట్టుకున్న పిల్లలు ఎందరో. పదవ తరగతి పత్రాన్ని ఆధారంగా పెట్టుకుని మిగిలినవన్నీ దానికి సరిపోయేలా ఈ వేసవిలోనే దిద్దించండి. చేరిన తరువాత ఒరిజినల్ పత్రాలను కళాశాలలు తమ దగ్గర అట్టిపెట్టుకోరాదని, సీటు వదులుకున్నవారికి గడువు ప్రకారం ఫీజు తిరిగి ఇవ్వాలని యు.జి.సి. 2018లో ప్రకటించింది. రీయింబర్స్‌మెంట్ సొమ్ము రాలేదని పిల్లల పత్రాలు ఆపితే ఊరుకోకండి. రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అర్జీ రాయడం మాకు వచ్చు. జీవితమంతా రాసిన చెయ్యి ఇది.

చివరిగా ఆడపిల్లల గురించి. తల్లిదండ్రుల భయాలను మేము తేలికగా తీసుకోము. గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా రద్దీ బస్సులో ప్రయాణం, చీకటిపడే వేళకు ఇంటికి చేరడం, దుస్తుల విషయంలో ఎవరు ఏమంటారోనన్న సంశయం, ఇవి ఊహలు కావు. కానీ ఆ భయాలకు మనం ఒకే మందు వాడుతున్నాము, చదువు మాన్పించడం. మందులు ఇంకా ఉన్నాయి. ఒకే పేట నుంచి నలుగురు అమ్మాయిలు ఒకే కళాశాలలో చేరితే నలుగురూ కలిసి వెళ్ళి కలిసి వస్తారు. మహిళా కళాశాలలు ఉన్నాయి. చేరేముందే తల్లి వెళ్ళి ప్రిన్సిపాలుతో మాట్లాడవచ్చు. సంబంధం వచ్చిందని రెండవ సంవత్సరంలో ఆపేవారు, ఆ సంబంధం వారినే పరీక్షలు పూర్తయ్యేదాకా ఆగమని అడగవచ్చు. మంచి సంబంధమైతే ఆగుతారు. దగ్గరగా ఉన్నదన్న ఒక్క కారణంతో ఆడపిల్లను ఇష్టంలేని కోర్సులో చేర్చి, దూరమైనా మగపిల్లవాడికి సీటు కొనే ఇళ్ళు మనలో ఉన్నాయి. మేము చేసినది కూడా అదే. మా అమ్మాయి గణితంలో వాడికంటే చురుకైనది. వాడి సీటుకు డబ్బు అయిపోయాక ఆమెకు మిగిలినది దగ్గరలోని కళాశాల. ఆమె ఏనాడూ అడగలేదు. ఆమె అడగకపోవడం మా న్యాయానికి సాక్ష్యం కాదు.

ఇందాక చెప్పిన లేత్ సోదరుని కుమార్తె ఇంటి దగ్గర కూర్చోలేదు. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో మిగిలిన సీట్లలో చేరి చదువుతున్నది. పి.జి.కి మళ్ళీ కేంద్ర విశ్వవిద్యాలయానికి ప్రయత్నిస్తానంటున్నది. ఈసారి ఏ గడిలో టిక్కు పెట్టాలో ఆమెకు కంఠతా వచ్చు. ఆమె ఈ సభలోనే ఉన్నది. వచ్చే ఆదివారం నుంచి జుహర్ నమాజు తరువాత మేము ఇక్కడే రెండు బల్లలు వేస్తాము. ఒక బల్ల దగ్గర మేము ధ్రువపత్రాలు చూస్తాము. రెండవ బల్ల దగ్గర ఆమె, ఆమె స్నేహితురాళ్ళు దరఖాస్తులు నింపడంలో సాయపడతారు. ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వనక్కరలేదు.

వచ్చేవారు పదవ తరగతి పత్రం, ఇంటర్ మార్కులు, ఆధార్, రేషన్ కార్డు, పాత కుల ధ్రువపత్రం ఏదైనా ఉంటే అది, రెండేసి నకళ్ళతో తీసుకురండి. వాటితోపాటు మీ అబ్బాయిని, అమ్మాయిని కూడా వెంట తీసుకురండి. కాగితాలు మాత్రమే పంపి "మీరే ఏదో ఒకటి పెట్టేయండి సాబ్" అంటే మేము పెట్టము. ఆ కుర్చీలో కూర్చుని తన చదువు పేరు తన నోటితో చెప్పవలసినది వారే.